అయిదు వరుసల అరుగు

రాజమహేంద్రవరంలో పాత ఇల్లు కూలే క్రమంలో మొదట పోయేది అరుగు. వీధి వెడల్పు చేస్తే పోయేది అదే, మురుగుకాలువ తవ్వితే పోయేది అదే. ఈ రెండూ జరగకపోయినా, ఇంటివారే ఒకనాడు మోటారు సైకిలు లోపలికి ఎక్కించుకోవడానికి దాన్ని కొట్టించి వాలుగా సిమెంటు పోయించుకుంటారు. ఇల్లు అలాగే ఉంటుంది, గుమ్మం అలాగే ఉంటుంది, గుమ్మానికి అటూ ఇటూ చేతులు చాపినట్టుండే రెండు తిన్నెలు మాత్రం మాయమవుతాయి. పోయిందని ఎవరూ అనుకోరు. ఎందుకంటే అరుగు ఇంట్లో భాగం కాదు, వీధిలోనూ భాగం కాదు. లెక్కలో ఎక్కడా లేనిదాన్ని పోగొట్టుకున్నా లెక్క తేడా రాదు.

ఈ కాలపు పిల్లల కోసం ఒక ముక్క చెప్పాలి. అరుగు అంటే వీధి గోడకు ఆనించి, మోకాలెత్తున, మనిషి పడుకోగలిగినంత వెడల్పున కట్టిన తిన్నె. పెంకుటింటి చూరు దానిమీదికి దిగి నీడనిచ్చేది. ఎండన పడి వచ్చిన బాటసారి అడగకుండా కూర్చునేవాడు. కూరగాయల గంప దించుకోవడానికీ, రాత్రి భోజనాలయ్యాక విసనకర్రతో కూలబడడానికీ, పెళ్ళివారి మాట లోపలిదాకా రానివ్వాలా వద్దా అని తేల్చుకోవడానికీ అరుగే స్థలం. చదువు చెప్పిందీ అరుగే. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ఏలుబడిలోని బళ్ళ లెక్క పంపమన్నప్పుడు రాజమండ్రి జిల్లా కలెక్టరు కూడా లెక్క కట్టి పంపాడు. ఆ కాలపు బడి అంటే చాలాచోట్ల భవనం కాదు, ఎవరో ఒకరి వీధి అరుగు. వీధిబడి అన్న మాటే అలా వచ్చింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, పోయిన శీతాకాలంలో, అంటే 2025 జనవరిలో, నేనొక అరుగు కట్టాను. కట్టించాను అనే అనాలి కాని, సగానికి పైగా ఇటుకలు నా చేతిమీదుగానే వరుసలోకి వెళ్ళాయి కనుక ఈ మాత్రం గొప్ప చెప్పుకుంటాను.

ఆర్యాపురంలో మా తాతగారు 1936లో కట్టిన పెంకుటిల్లు ఉండేది. వాటాలు తేలాక 2021లో అది అమ్ముడైపోయింది. అమ్మను తీసుకుని మేము బొమ్మూరు వైపు కట్టుకున్న కొత్త ఇంటికి వచ్చేశాం. కొత్త ఇల్లు అన్నివిధాలా సుఖమైనది. అమ్మ గదికి ఆనుకునే స్నానాలగది, జారని గచ్చు, పట్టుకోవడానికి కమ్మీ. చుట్టూ అయిదున్నర అడుగుల ప్రహరీ, ఇనుప గేటు. అమ్మకు అప్పటికి డెబ్బై తొమ్మిదేళ్ళు.

మొదటి ఏడాది మాకేమీ తెలియలేదు. రెండో ఏడు అమ్మ మాట తగ్గింది. అడిగినదానికి సమాధానం చెప్పేది, అంతే. వినికిడి తగ్గిందేమోనని పరీక్ష చేయించాం. చెవులు బాగానే ఉన్నాయన్నారు. జ్ఞాపకశక్తి సంగతి చూశారు, వయసుకు తగ్గట్టే ఉందన్నారు. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి మా ఆవిడ కాఫీ ఇస్తూ, "ఏమిటత్తయ్యా ఆలోచిస్తున్నారు?" అంటే, "ఇప్పుడు టైమెంతయిందమ్మా?" అని అడిగిందట. ఎదురుగా గోడ గడియారం ఉంది. ఆ మాట మా ఆవిడ నాకు చెప్పినప్పుడు నాకు పాత ఇంటి సంగతి తట్టింది. అక్కడ అమ్మ ఎన్నడూ గడియారం చూసేది కాదు. బడిపిల్లలు వెళ్ళారంటే నాలుగున్నర, పాలవాడు సైకిలు ఆపాడంటే అయిదు, గుడిలో గంట వినబడి పక్కింటావిడ చీరకొంగు భుజాన కప్పుకుని అటు నడిచిందంటే ఆరు. యాభై అయిదేళ్ళు అరుగు మీద కూర్చుని కాలాన్ని మనుషుల్లో లెక్కపెట్టుకున్న మనిషిని తెచ్చి, అయిదున్నర అడుగుల గోడ వెనక కూర్చోబెట్టి, గోడకు గడియారం తగిలించాం.

అరుగు కట్టాలన్న ఆలోచన అప్పుడు వచ్చింది. అయితే అరుగు లోపల కట్టి లాభం లేదు. ప్రహరీ లోపల కడితే అది తిన్నె అవుతుంది, అరుగు కాదు. ప్రహరీ బయట కడదామంటే అది మునిసిపాలిటీ స్థలం, అక్కడ కట్టే హక్కు నాకు లేదు. ఇక ఉన్న దారి ఒక్కటే. ప్రహరీని పది అడుగుల పొడవున రెండడుగులు లోపలికి జరిపి, ఆ ఖాళీ అయిన చోట, మా స్థలంలోనే, వీధి వైపు ముఖం పెట్టి కట్టాలి.

హైదరాబాదులో ఉన్న తమ్ముడికి ఫోనులో చెప్పాను. స్థలం ఇద్దరి పేరా ఉంది కనుక చెప్పడం ధర్మం.

"అన్నయ్యా, అక్కడ గజం ఎంత పలుకుతోందో తెలుసా? ఎవరైనా వీధిలోకి అంగుళం జరుగుదామని చూస్తారు. నువ్వు రెండడుగులు వెనక్కి జరుగుతానంటావేమిటి?"

"పదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఇరవై చదరపుటడుగులు. రెండు గజాల పైన కాస్త. అంతేరా."

"రెండు గజాల సంగతి కాదు. రేపు తాగినవాళ్ళొచ్చి పడుకుంటారు. కుక్కలు పడుకుంటాయి. పదేళ్ళు పోయాక అది వీధి స్థలమే అంటే ఎవరితో తగువు పెట్టుకుంటాం? అమ్మ కూర్చోవాలంటే వరండాలో ఉయ్యాల వేయిద్దాం, ఖర్చు నేను పెట్టుకుంటాను."

వాడి మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఆస్తి అన్నది గీత గీసి కాపాడుకోవలసిన వస్తువు అయిన కాలంలో వాడూ నేనూ పెరిగాం. ఆర్యాపురం ఇంటి వాటాల దగ్గర మా పెదనాన్నగారి పిల్లలకూ మాకూ మధ్య మూడడుగుల సందు కోసం ఏళ్ళ తరబడి మాటలు లేవు. ఆ సందు ఇప్పుడు ఒక అపార్టుమెంటులో కార్లు నిలిపే చోటు కింద ఉంది. వాడికి ఆ సంగతి గుర్తు చేయలేదు. "హద్దు రాళ్ళు అరుగు ముందంచునే పాతిస్తాను, కాగితాల మీద కొలత మారదు" అని మాత్రం చెప్పాను. కొంతసేపు ఊరుకుని, "నీ ఇష్టం" అన్నాడు. అన్నదమ్ముల మధ్య ఆ మాటకు ఒప్పుకోలు అనీ అర్థం ఉంది, కాదనీ ఉంది.

అమ్మను అడిగితే ఆమె కూడా పెద్దగా సంతోషపడలేదు. "ఎవరు కూచుంటారురా నాన్నా ఇప్పుడు? అందరికీ పన్లు" అంది. నేను వద్దు అన్న మాట కోసం చూశాను. ఆ మాట అనలేదు.

ఇటుకలు కొనవలసిన పని లేదు. 2022లో పాత ఇల్లు పడగొడుతున్నప్పుడు కొన్నవారిని అడిగి ఒక ట్రాక్టరు ఇటుకలు, ఒక ట్రాక్టరు రద్దు తెచ్చి బొమ్మూరు పెరట్లో వేయించాను. అప్పుడే ఒక విషయం గమనించాను. తాతగారు కట్టిన భాగం గునపం మొన తగలగానే ఇటుకకు ఇటుకగా విడిపోయింది. ఇటుకకు అంటిన సున్నాన్ని తాపీ అంచుతో గీకితే రాలిపోయింది. తరువాతి కాలంలో మా నాన్నగారు వెనకవైపు సిమెంటుతో కట్టించిన గది మాత్రం అలా రాలేదు. దెబ్బ కొడితే అతుకు వదల్లేదు, ఇటుకే పగిలింది. ఆ గది మొత్తంలో పనికివచ్చే ఇటుక పట్టుమని పాతిక కూడా దొరకలేదు, అంతా రద్దే.

కారణం తెలిసిందే. సున్నపు మాలు ఇటుక కన్నా మెత్తన. గోడ కాస్త కుంగినా, ఎండకు సాగినా ఆ కదలిక అతుకులో సర్దుకుంటుంది. పగుళ్ళు వచ్చినా అతుకులోనే వస్తాయి, వాటిని పూడ్చుకోవచ్చు. సిమెంటు ఎక్కువ పాళ్ళలో కలిపిన మాలు మన ఊరి ఇటుక కన్నా గట్టిది. అందుకని బరువు తేడా వచ్చినప్పుడు తాను వదలదు, ఇటుకను చీలుస్తుంది. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు కాని, ఆ తరువాత పాతికేళ్ళకు మన ధవళేశ్వరంలో కట్టిన ఆనకట్టకు ఆధారం రాయీ సున్నమే. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆ కట్టడం, 1982లో కొత్త బ్యారేజీ సిద్ధమయ్యేదాకా, నూట ముప్పై ఏళ్ళు గోదావరిని ఆపి డెల్టాకు నీళ్ళిచ్చింది. సున్నం బలహీనమైనదని ఎవరైనా అంటే నేను ధవళేశ్వరం వైపు చేయి చూపిస్తాను.

మేస్త్రిగారిది మా చుట్టుపక్కల ఊరే. అరవై దాటిన మనిషి. కుర్రతనంలో వాళ్ళ నాన్న వెంట గానుగ సున్నం తొక్కించిన అనుభవం ఉన్నవాడు. వృత్తాకారంగా తవ్విన కాలువలో సున్నం, ఇసుక పోసి, ఎద్దును కట్టి రాతి చక్రం తిప్పించేవారు. ఎంత నలిగితే అంత జిగురు. ఇప్పుడు గానుగలు లేవు, ఎద్దులూ లేవు. నేను నా షరతు చెప్పాను. అరుగు గట్టిగా ఉండాలి, కాని ఎప్పుడైనా విప్పవలసి వస్తే ఇటుకలు పగలకూడదు.

ఆయన నవ్వాడు. "ఆయ్, కట్టకముందే పడగొట్టే సంగతి అడిగినోళ్ళని ఇదే చూట్టమండి బాబుగారూ."

చివరికి ఇద్దరం ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్ళు ఇసుక అన్న దగ్గర కుదిరాం. ఇది కొత్త కనిపెట్టేమీ కాదు, ఇంజనీరింగు పుస్తకాల్లో ఉన్న పాళ్ళే. సిమెంటు తొందరగా గట్టిపడే గుణాన్నిస్తే, సున్నం మెత్తదనాన్నీ నీటిని పట్టుకునే గుణాన్నీ ఇస్తుంది.

ఇసుక గురించి గోదావరి ఒడ్డువాళ్ళు వేరే చెప్పనక్కరలేదని పూర్వం అనుకునేవాళ్ళం. 2019లో అదే ఇసుక దొరక్క రాష్ట్రమంతటా పనులు ఆగిపోయి, తాపీ పనివారు పస్తులున్న రోజులు చూశాక ఆ ధీమా పోయింది. 2024 జులైలో ఉచిత ఇసుక విధానం వచ్చింది. ఇసుక ఉచితమే, తవ్వకానికీ బండి కిరాయికీ మాత్రం డబ్బులు పెట్టుకోవాలి. నాకు కావలసింది ఎంతో లేదు. మేస్త్రిగారు వచ్చిన ఇసుకలోంచి గుప్పెడు తీసి రెండు అరచేతుల మధ్య నలిపి, దులిపి, అరచేయి చూసుకున్నారు. చేతికి మట్టి మరక అంటకపోతే మంచి ఇసుక. మరక అంటితే ఒండ్రు ఉన్నట్టు. ఆ ఒండ్రు సిమెంటును ఇసుకరేణువుకు అంటనివ్వదు.

ఇటుకకూ ఇలాంటి పరీక్షలే ఉన్నాయి. రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి తట్టితే కంచులా మోగాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. మూడు నాలుగు అడుగుల ఎత్తునుంచి నేలమీదికి వదిలితే విరగకూడదు. ఒక రోజంతా నీళ్ళలో నానబెడితే తన బరువులో అయిదోవంతుకు మించి నీరు పీల్చకూడదు. అంటే మూడు కిలోల ఇటుక ఆరువందల గ్రాముల దాకా పీల్చవచ్చు. పూర్తిగా కాలని ఇటుక పాలిపోయి ఉంటుంది, వానకు కరుగుతుంది. మరీ కాలినది నల్లబడి వంకరపోతుంది. తాతగారి ఇటుకలు తొంభై ఏళ్ళ తరువాత కూడా మోగాయి. అమ్మ వరండాలోంచి ఆ చప్పుడు విని, "ఏమిటది, గుడిగంటలాగుంది?" అంది. చాలా రోజులకు తనంతట తాను అడిగిన ప్రశ్న అది.

డెల్టాలో ఇటుక అంటే పొలమే. గోదావరి వరదలు వేల ఏళ్ళుగా మోసుకొచ్చి పరిచిన ఒండ్రును తవ్వి, తడిపి, తొక్కి, అచ్చుల్లో పోసి, ఎండబెట్టి, బట్టీగా పేర్చి, ధాన్యపు మిల్లుల ఊక మంటగా పెట్టి కాలుస్తారు. ధాన్యం పండించిన మట్టీ, ధాన్యం పొట్టూ కలిసి ఇటుక అవుతాయి. వానలు వెనక్కి తగ్గాక మొదలై, మళ్ళీ తొలకరి పడేదాకా సాగే పని అది. మధ్యలో అకాల వర్షం పడితే ఎండుతున్న పచ్చి ఇటుకలన్నీ మళ్ళీ బురదే, కూలివారి కష్టం నీళ్ళపాలే. ఇంకో లెక్క కూడా ఉంది. తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, మూడు మందం ఉన్న ఇటుకలు వెయ్యి కావాలంటే కనీసం డెబ్బై ఘనపుటడుగుల మట్టి పోతుంది. అది పొలం పైపొర, పంటకు బలమిచ్చే పొర. ఆ పైమట్టిని కాపాడడానికే కేంద్ర ప్రభుత్వం 1999లో థర్మల్ విద్యుత్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు ఇటుకల్లో బొగ్గు బూడిద వాడాలని ఉత్తర్వు ఇచ్చి, ఆ దూరాన్ని 2003లో 100కూ, 2016లో 300కూ పెంచింది. వెనక్కి జరిపిన ప్రహరీని ఆ బూడిద ఇటుకలతోనే కట్టించాను. అరుగుకు మాత్రం తాతగారివే. ఒకసారి తీసిన మట్టిని రెండోసారి వాడుకుంటే ఏ పొలమూ తవ్వనక్కరలేదు.

కొలతలు చెబుతాను, ఎవరికైనా పనికిరావచ్చు. పొడవు 10 అడుగులు, వెడల్పు 2 అడుగులు, ఎత్తు నేలనుంచి అడుగున్నర. ఈ ఎత్తు అమ్మ మోకాళ్ళను బట్టి నిర్ణయించినది. అంతకన్నా తక్కువైతే లేవడం కష్టం, ఎక్కువైతే పాదాలు నేలకానవు. మూడంగుళాల ఇటుక, అరంగుళం మాలు కలిసి వరుసకు మూడున్నర. అలాంటివి అయిదు వరుసలైతే పదిహేడున్నర, పైన పల్చగా గచ్చు. పది అడుగుల ముందు గోడ పాత ప్రహరీ పునాది మీదే లేచింది. రెండు పక్క గోడలకు మాత్రం కొత్తగా అడుగు లోతు పునాది తీశాం. గోడలన్నీ తొమ్మిది అంగుళాల మందం, నాలుగు వరుసలు. అయిదో వరుస పైకప్పులా అంతటా పరిచినది. అన్నీ కలిపి 204 ఇటుకలు లెక్కకు వచ్చాయి, తరుగుతో సహా 250 శుభ్రం చేసి పెట్టుకున్నాను. గోడల మధ్య కడుపు నింపడానికి నాన్నగారి గది రద్దు పనికివచ్చింది. దాన్ని పొరలు పొరలుగా పోసి, నీళ్ళు పోసి, దిమ్మిస కొట్టించాం. తాతగారి ఇటుకలు పైకి కనబడతాయి, నాన్నగారి గది లోపల బరువు మోస్తుంది.

ముందురోజే ఇటుకలన్నిటినీ తొట్టిలో నానవేశాం. పొడి ఇటుక మాలులోని తడిని పీల్చేసుకుంటుంది. నీళ్ళు లేకపోతే సిమెంటు ఎండుతుంది కాని గట్టిపడదు. నీళ్ళలో వేయగానే ఇటుక బుడబుడమని బుడగలు వదులుతుంది. ఆ బుడగలు ఆగిపోతే దాహం తీరినట్టు.

మేస్త్రిగారు రెండు మూలలూ తాను లేపి, వాటి మధ్య దారం కట్టి, మధ్యలో పేర్చే పని నాకు అప్పగించారు. చెప్పింది రెండే సూత్రాలు. ఇటుక దారాన్ని తాకకూడదు, దారానికి వెంట్రుకవాసి దూరంలో ఉండాలి. ఒక ఇటుక దారాన్ని నెడితే ఆ తరువాతివన్నీ దాన్నే నమ్మి వంకరపోతాయి. రెండోది, కింది వరుస అతుకు మీద పై వరుస అతుకు రాకూడదు. ఒక వరుస పొడుగు వైపు కనబడేట్టు పేర్చితే, తరువాతి వరుస అడ్డం వైపు కనబడేట్టు పేర్చాలి. అప్పుడే కింద రెండు ఇటుకల మధ్య ఉన్న సందును పైన ఒక ఇటుక నడుము కప్పుతుంది. గోడకు బలం మాలు వల్ల వచ్చేది కొంత, ఈ కప్పుకోవడం వల్ల వచ్చేది ఎక్కువ.

ఈ రెండో సూత్రం ఎంత పాతదో తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఇటుక అన్న మన మాటకు మూలం ఇష్టక. యజ్ఞంలో అగ్నిచయనానికి డేగ ఆకారంలో పేర్చే వేదికకు వరుసకు 200 చొప్పున అయిదు వరుసలు, మొత్తం వెయ్యి ఇటుకలు. ఒకటి, మూడు, అయిదు వరుసలు ఒక పద్ధతి. రెండు, నాలుగు వరుసలు ఇంకో పద్ధతి. అతుకు మీద అతుకు పడకూడదన్నది శుల్బసూత్రాల నియమం. మా మేస్త్రిగారు శుల్బసూత్రాల పేరైనా విని ఉండరు. వాళ్ళ నాన్న చెప్పారని చెప్పారు. వాళ్ళ నాన్నకు ఆయన నాన్న చెప్పి ఉంటారు. మనకు ఇక్కడికి దూరం కాని గుంటుపల్లి కొండమీద రెండువేల ఏళ్ళనాటి బౌద్ధుల ఇటుక కట్టడాలు చూసినవారికి తెలుస్తుంది, ఈనాటి ఇటుక కంటే ఎంతో పెద్ద ఇటుకలవి, కాని పేర్చిన తీరు మన మేస్త్రులకు కొత్తగా కనబడదు. రాసిపెట్టినవారి చదువూ రాయనివారి చదువూ వేరువేరు దారుల్లో వచ్చి ఒక తాపీ మొన దగ్గర కలుసుకున్నాయి.

మూడు రోజుల్లో కట్టుబడి అయిపోయింది. పైన గచ్చు చేసేటప్పుడు వాన నీరు నిలవకుండా వీధివైపు అరంగుళం వాలు పెట్టించి, ముందంచు తొడకు ఒరుసుకోకుండా గుండ్రంగా తిప్పించాం. ఆ తరువాత వారం పది రోజులు తడపాలి. గోనెసంచులు పరిచి పూటకొకసారి నీళ్ళు పోయాలి. ఆ పని అమ్మ తాను చేస్తానంది. చెంబుతో గేటు బయటికి వెళ్ళి, నిలబడి, నెమ్మదిగా పోసేది. గేటు బయట నిలబడిన ముసలావిడను పలకరించకుండా పోవడం మన జిల్లాలో ఇంకా అలవాటు కాలేదు. "ఏం కడుతున్నారండి మామ్మగారూ?" అని అడిగినవారందరికీ చెప్పుకొచ్చింది. అరుగు ఆరకముందే వీధిలో సగం మంది పేర్లు ఆమెకు తెలిశాయి. నాలుగేళ్ళుగా ఉంటున్న నాకు తెలియనివి.

గోనెసంచులు తీసేసిన మధ్యాహ్నం మొట్టమొదట దానిమీద కూర్చున్నది మా ఇంటివారు కాదు. ఏదో సామాను ఇవ్వడానికి వచ్చి, ఇంటి నంబరు దొరక్క తిరుగుతున్న ఒక కుర్రాడు, సంచీ దించి, కూర్చుని, ఫోను చూసుకుంటున్నాడు. అమ్మ లోపలినుంచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "మీది ఏ ఊరు నాయనా?" అని మొదలుపెట్టింది. వాడిది తుని వైపట. పది నిముషాలు కూర్చుని, వెతుకుతున్న ఇల్లేదో అమ్మ చెబితే అటు వెళ్ళాడు.

తమ్ముడి భయాలు ఒట్టివి కావు. ఒక రాత్రి ఎవరో పడుకుని, పొద్దున్నే లేచి వెళ్ళిపోయారు, పక్కన సీసా వదిలేసి. ఒక కుక్క తన నివాసం అక్కడికే మార్చుకుంది. ఎండాకాలంలో పేకాట మొదలైతే నేను వెళ్ళి ఇది కుదరదని చెప్పవలసి వచ్చింది. ఇదంతా అరుగుతోపాటు వచ్చే బాధ్యత. మనుషులు కూర్చునే చోటికి అందరు మనుషులూ వస్తారు. ఏరి కొందరినే కూర్చోబెట్టేదైతే దాన్ని సోఫా అంటారు.

వేసవి సెలవులకు తమ్ముడు పిల్లలతో వచ్చాడు. వచ్చిన సాయంత్రం అరుగు పొడవూ వెడల్పూ కళ్ళతోనే కొలిచాడు. ముందంచున హద్దురాయి ఉందో లేదో వంగి చూశాడు. తరువాత అమ్మ పక్కన కూర్చున్నాడు. కరెంటు పోయింది. వీధిలో ఒక్కొక్కరే బయటికి వచ్చారు. నేను లోపలినుంచి వింటున్నాను. అమ్మ వాడికి ఎదురింటివారి అమ్మాయి నర్సింగు చదువు, చివరింటాయన కంటి ఆపరేషను, కడియం నర్సరీలో పనికి వెళ్ళే ఆడవాళ్ళు ఎన్నింటికి తిరిగొస్తారో, అన్నీ చెబుతోంది. కరెంటు వచ్చింది కాని వాళ్ళు లేవలేదు. తొమ్మిదిన్నర దాటాక తమ్ముడు లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగుతూ, "అన్నయ్యా, ఈ ఇటుక ఆర్యాపురంలోదేనా?" అని అడిగాడు. అవునన్నాను. గజాల ప్రసక్తి రాలేదు.

అమ్మకు ఇప్పుడు ఎనభై మూడు. అరుగు ఆమెను చిన్నదాన్ని చేయలేదు. మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది, మరపు కాస్త పెరిగింది. కాని సాయంత్రం టైమెంత అని అడగడం మానేసింది. నర్సరీ ఆటో వచ్చిందంటే ఆరు అని ఆమెకు తెలుసు, ఆమెను చూసి మాకు తెలుసు.

ఈ అరుగూ ఎల్లకాలం ఉండదు. వీధి వెడల్పు చేసినప్పుడో, మా తరువాతివారు అమ్ముకున్నప్పుడో దీనిమీదా గునపం పడుతుంది. మాలులో సున్నం కలిపాం కనుక ఇటుకలు చెక్కుచెదరకుండా ఊడివస్తాయి. తాపీ అంచుతో గీకి, ఒక రోజు నీళ్ళలో నానవేసుకుంటే చాలు. 204 ఇటుకలు, పది అడుగుల అరుగుకు సరిపోతాయి.